బాలింత సంరక్షణకు ప్రభుత్వ సొమ్ము: పాల సంఘ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

గేదె ఈనిన రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోరు. మాయ పడిందా లేదా అని గంట గంటకు లేచి చూస్తారు. పడకపోతే తెల్లవారక ముందే పశువైద్యునికి కబురు పోతుంది. దూడకు జున్నుపాలు పట్టిస్తారు. ఈనిన పశువుకు బెల్లం, తవుడు, గోరువెచ్చని నీళ్ళు, ఆ పైన కాల్షియం సీసా. పాలజ్వరం వచ్చి కూలబడుతుందేమోనని రెండు మూడు రోజులు కనిపెట్టుకొని ఉంటారు. ఇవన్నీ మన సభ్యులకు ఒకరు చెప్పనవసరం లేదు. కాని అదే ఇంటి కోడలో కూతురో ఆసుపత్రి నుండి బిడ్డతో వచ్చిన తరువాత మూడవ రోజున ఎవరు వచ్చి చూడవలెను, ఏడవ రోజున ఏమి చూడవలెను, ఆ చూసినందుకు ప్రభుత్వం ఎవరికి ఎంత చెల్లిస్తున్నది అని అడిగితే, సరిగా చెప్పగలవారు సంఘానికి నలుగురైదుగురు కూడా కనిపించరు.

మేము సహకార శాఖ ఉద్యోగులమే గాని వైద్యులం కాము. అయినా ఈ విషయం వ్రాయడానికి కారణం ఉన్నది. ఈ సంరక్షణ ప్రజల సొమ్ముతో జరుగుతున్నది. సొమ్ము ఎక్కడ బయలుదేరింది, ఎక్కడికి చేరవలెను, మధ్యలో ఎక్కడ ఆగింది అని చూడటమే మా వృత్తి. పాల బిల్లు రెండు రోజులు ఆలస్యమైతే సంఘం గుమ్మంలో నిలబడి అడిగే మన సభ్యులు, తమ ఇంటి బాలింత పేరు మీద ఖర్చు వ్రాసిన సొమ్ము సంగతి అడగకపోవడం మాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

ముందుగా ఈ సంరక్షణ ఎందుకో చూద్దాం. కాన్పు అయితే గండం గడిచినట్లే అని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. ఇది నిజం కాదు. అధిక రక్తస్రావం కాన్పు అయిన గంటల్లోనే ముంచుకొస్తుంది. గర్భసంచికి చీము పట్టడం, ఆ జ్వరం, మూడు నాలుగు రోజుల తరువాత బయటపడతాయి. రక్తపోటు పెరిగి వచ్చే ఫిట్లు కాన్పు తరువాత కూడా రావచ్చు. బిడ్డ సంగతి చూస్తే, నెల లోపున చనిపోయే శిశువులలో దాదాపు నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే చనిపోతారు. అంటే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చే దారిలోనూ, వచ్చిన కొత్తలోనూ ఉన్నవి. మామూలు కాన్పు అయితే 48 గంటలు ఆసుపత్రిలో ఉంచవలెనని నియమం. ఆ తరువాతి నలభై రోజులు ఇంటివే.

గత ఇరవై సంవత్సరాలలో మన రాష్ట్రాలు ఈ విషయంలో చాలా దూరం వచ్చిన మాట వాస్తవం. 2001–03 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. అదే కాలంలో దేశం మొత్తానికి 97. ఈ తగ్గుదల ఎక్కువగా కాన్పులు ఆసుపత్రులకు మారడం వల్ల వచ్చినది. ఇకముందు తగ్గవలసినది ఇంటి దగ్గర తగ్గవలెను. అక్కడికి ఆసుపత్రి రాదు. మనిషి రావలెను.

మనిషి ఇంటికి వెళ్ళి చూస్తే ఏమి ఒరుగుతుంది అనే ప్రశ్నకు జవాబు మన పొరుగున దొరికింది. ప్రాణహిత నది దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు ఆ జిల్లాలో 'సెర్చ్' అనే సంస్థ పెట్టి పనిచేశారు. 1993లో లెక్కలు తీయడం మొదలుపెట్టి, 1995 నుండి 39 గ్రామాలలో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చారు. వారు పెద్ద చదువులు చదివినవారు కారు. ఇంటికి వెళ్ళి బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం నేర్పడం, ఊపిరి లెక్కపెట్టడం, చీము వ్యాధి లక్షణాలు కనిపిస్తే గుర్తించి మందు ఇవ్వడం వారి పని. పోలిక కోసం 47 గ్రామాలను మామూలుగానే ఉంచారు. మూడవ సంవత్సరానికి పోలిక గ్రామాలలో వెయ్యి మంది శిశువులకు సుమారు 60 మంది నెల లోపు చనిపోతుండగా, ఈ స్త్రీలు తిరిగిన గ్రామాలలో ఆ సంఖ్య 25కు దిగింది. ఒక్కొక్క బిడ్డకు అయిన ఖర్చు అయిదు డాలర్ల పైచిలుకు మాత్రమే. 1999లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఈ ఫలితాలు అచ్చయినవి.

ఆ పనిని కేంద్ర ప్రభుత్వం 2011లో దేశమంతటికీ పథకంగా తీసుకొన్నది. దానిపేరు ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ. పని చేయవలసినది మన ఊరి ఆశా కార్యకర్త. ఆశా ఏర్పాటు 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చినదని సభ్యులకు విదితమే.

పథకం ప్రకారం ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావలెను: 3, 7, 14, 21, 28, 42వ రోజులలో. ఇంటి దగ్గరే కాన్పు అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. వచ్చినప్పుడు చేతిలో తూనిక, థర్మామీటరు, గడియారం ఉండవలెను. బిడ్డ బరువు తూచవలెను, ఒంటి వేడి చూడవలెను, పాలు ఎలా తాగుతున్నదో కూర్చొని చూడవలెను, బొడ్డు చూడవలెను. తల్లికి రక్తం ఎంత పోతున్నదో, జ్వరం ఉన్నదో లేదో, రొమ్ములు గట్టిపడినవో లేదో అడగవలెను. చూసినదంతా ఫారంలో వ్రాయవలెను. ఇది గుమ్మంలో నిలబడి "అంతా బాగేనా అక్కా" అని అడిగి పోయే పని కాదు.

ఇక సొమ్ము సంగతి. ఈ రాకలన్నిటికీ కలిపి ఆశా కార్యకర్తకు 250 రూపాయలుగా 2011లో నిర్ణయించారు. అంటే ఒక్కొక్క రాకకు 41 రూపాయల 66 పైసలు. 42వ రోజు దాటిన తరువాత కొన్ని షరతులు నెరవేరితే చెల్లిస్తారు. బిడ్డ పుట్టిన బరువు కార్డులో వ్రాసి ఉండవలెను, బి.సి.జి., మొదటి విడత టీకాలు వేసి ఉండవలెను. జననం నమోదు కావలెను. తల్లీ బిడ్డా ఇద్దరూ 42వ రోజు వరకు క్షేమంగా ఉండవలెను. ఫారంను ఏ.ఎన్.ఎం. సరిచూసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. మిషన్ ఖర్చులో కేంద్రం వాటా నూటికి 60, రాష్ట్రం వాటా 40. కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు నెలసరి మొత్తం కూడా ఇస్తాయి; ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి చెల్లింపులతో కలిపి నెలకు మొత్తం 10,000 రూపాయలు అందేటట్లు 2019లో పెంచారు.

మన పద్ధతితో పోల్చి చూడండి. సభ్యుడు పొద్దున, సాయంత్రం పాలు పోస్తాడు, వెన్న శాతం చూస్తాము, పదిహేను రోజులకు బిల్లు ఇస్తాము. ఆశా కార్యకర్త నెలన్నర తిరిగి, ఫారం నింపి, ఆ తరువాత డబ్బు కోసం ఎదురు చూడవలెను. పై నుండి నిధులు రాకపోతే ఇంకా ఆగవలెను. పైగా ఆ చివరి షరతు ఒకటి ఉన్నది. ఆమె రావలసిన రోజులన్నీ వచ్చి, జబ్బు గుర్తించి, ఆసుపత్రికి పంపినా ఆ బిడ్డ దక్కకపోతే ఆమె కష్టానికి లెక్క లేదన్నమాట. దారిలో క్యాను పాలు విరిగినవని, ఇల్లిల్లూ తిరిగి సేకరించిన కుర్రవానికి కూలి ఎగగొట్టినట్లున్నది ఇది. షరతు పెట్టినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. మాకు మాత్రం ఇది న్యాయంగా తోచలేదు. రాకకు కూలి రాకతోనే ముట్టవలెను.

ఇక తనిఖీ చేసేవారి కంటికి కనిపించే సంగతులు చెబుతాము. మేము సంఘాల లెక్కల కోసం ఊళ్ళు తిరుగుతూ సభ్యుల ఇండ్లలో కూర్చున్నప్పుడు, పసిబిడ్డ ఉన్న ఇంట్లో మాతా శిశు కార్డు అడిగి చూడటం అలవాటు చేసుకొన్నాము. కొన్ని ఇండ్లలో ఒక్కొక్క రాకకు ఒక్కొక్క బరువు, ఒక్కొక్క రోజు సిరా, అక్కడక్కడ దిద్దుబాటు కనిపిస్తాయి. అవి నిజమైన కార్డులు. మరికొన్ని ఇండ్లలో అన్ని గడులూ ఒకే కలంతో, ఒకే దస్తూరీతో, ఒకే పూట నింపినట్లు ఉంటాయి. పాల రిజిస్టరులో నెల రోజులూ ఒకే వెన్న శాతం వ్రాసి ఉంటే ఏమి అనుకొంటామో, ఇక్కడా అదే అనుకోవలసి వస్తుంది. ఒక ఇంట్లో అత్తగారిని అడిగితే, "వచ్చిందయ్యా, రెండుసార్లు వచ్చింది, మంచి పిల్ల. మిగతాసార్లు ఫోనులో అడిగింది" అన్నది. తప్పంతా ఆశా కార్యకర్తదే అనడానికి మాకు నోరు రాదు. ఒక్కతే ఊరంతా తిరగవలెను, సర్వేలు చేయవలెను, మీటింగులకు పోవలెను. కాని రాని రాకకు ప్రభుత్వ ఖాతాలో ఖర్చు పడుతున్నప్పుడు నష్టపోయేది బాలింత. ఆరు రాకలు అని ఇంట్లో వారికి తెలిసి ఉంటే, మూడవది రానప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవారు ఉన్న ఇంటికి ముందు వస్తారు. ఇది పాల సంఘంలోనూ అంతే, ఆరోగ్య శాఖలోనూ అంతే.

రెండవ లోపం పథకం పేరులోనే ఉన్నది. శిశు సంరక్షణ అన్నారు గాని తల్లి సంరక్షణ అనలేదు. ఫారంలో తల్లిని అడగవలసిన ప్రశ్నలు ఉన్నవి, నిజమే. కాని తూనిక బిడ్డకే, టీకా బిడ్డకే, చెల్లింపు షరతుల్లో ఎక్కువ భాగం బిడ్డవే. గడ్చిరోలిలోనే డాక్టర్ బంగ్ బృందం 2004లో ప్రచురించిన మరొక పరిశీలన ప్రకారం, కాన్పు తరువాతి రోజుల్లో నూటికి దాదాపు 43 మంది తల్లులకు ఏదో ఒక జబ్బు కనిపించింది. మన ఇండ్లలో ఇవి బయటకు రావు. బాలింత అన్న తరువాత నొప్పులు ఉండవా అంటారు. కుట్లు చీము పట్టినా మగవారికి చెప్పుకోలేదు. పథ్యం పేరుతో నీళ్ళు తగ్గిస్తారు, కూర తగ్గిస్తారు. పది రోజులు ఏడుస్తూ కూర్చుంటే బిడ్డ ఆడపిల్ల అయినందుకు బెంగ అనుకొంటారు. పొంతన లేకుండా మాట్లాడితే సన్ని కమ్మిందని మంత్రం వేయిస్తారు. ఆ రెండూ వైద్యం ఉన్న జబ్బులే.

కాబట్టి ఏవి చూస్తే ఆగకుండా 108కి ఫోను చేయవలెనో ఇంట్లో మగవారికి కూడా తెలిసి ఉండవలెను. బాలింతకు గుడ్డలు రోజుకు అయిదు దాటి తడుస్తుంటే, వాసనతో స్రావం పోతుంటే, చలి జ్వరం వస్తే, తల పగిలిపోయే నొప్పితో కళ్ళు మసకలు కమ్మితే, ఫిట్లు వస్తే, మాట పొంతన తప్పితే ఆలస్యం చేయకూడదు. బిడ్డ పాలు తాగడం మానివేసినా, ఏడుపు సన్నబడినా, కాళ్ళూ చేతులూ వేలాడేసినా, ఒళ్ళు చల్లబడినా లేక కాలినా, ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి పోతున్నా అంతే. బిడ్డ ఊపిరి నిమిషానికి 60 గాని అంతకు మించి గాని ఉంటే ప్రమాదం. గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెట్టడం ఎవరైనా చేయగలరు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు గాని ఆపరేషనుకు గాని, మందులకు, పరీక్షలకు, రక్తానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. 2011 జూన్ 1న వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ఇవి ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషను అయితే ఏడు రోజులు భోజనం కూడా ఉచితం. ఇంటికి దింపే బండి కూడా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్ అనీ, తెలంగాణలో అమ్మ ఒడి అనీ 102 బండ్లకు పేర్లు. జబ్బు పడిన పసిబిడ్డను మళ్ళీ ఆసుపత్రికి తీసుకుపోయినా ఖర్చు ఉండదు. ఈ సంగతి తెలియక వడ్డీకి అప్పు తెచ్చి, పాల బిల్లులో మినహాయించుకోమని సంఘానికి వ్రాసి ఇచ్చిన సభ్యులను మేము చూశాము.

తిండి, నగదు విషయానికి వస్తాము. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి, కాన్పు అయిన ఆరు నెలల వరకు తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు. 2015 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో పూర్తి భోజనంతో పాటు రోజుకు ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా వేరువేరు పేర్లతో నడిచిన పథకాలలో గుడ్డు, పాలు ఉన్నవి. పాలు పోసే ఇంటి బాలింతకు మళ్ళీ పాలా అని నవ్వేవారు ఉంటారు. వారు తమ వంటింట్లోకి వెళ్ళి, పొద్దున పితికిన పాలలో ఇంటి ఆడవారి గ్లాసులోకి ఎంత వచ్చిందో చూసి నవ్వవలెను. ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. భోజనం కేంద్రంలో పెడతారు. మన ఆచారం ప్రకారం బాలింత మొదటి నెలలో గడప దాటదు. అందువల్ల ఎక్కువ అవసరమైన రోజులలోనే ఆ భోజనం ఆమెకు అందదు. ఇంటి నుండి ఎవరైనా గిన్నె పట్టుకొని పోయి అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడుకోవలెను. సిగ్గుపడవలసినది ఏమీ లేదు, అది చట్టం ఇచ్చినది.

అదే చట్టం ప్రసూతి సహాయంగా 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వవలెనని చెప్పినది. కేంద్రం 2017 నుండి నడుపుతున్న మాతృ వందన యోజనలో మాత్రం మొదటి కాన్పుకు 5,000 రూపాయలే; మిగిలినది జననీ సురక్షా యోజన సొమ్ముతో సరిపోతుందని లెక్క చెప్పారు. మన గ్రామాలలో అర్హులకు ఆ జననీ సురక్షా సొమ్ము 700 రూపాయలు. రెండూ కలిపినా 5,700. లెక్కల మనిషికి ఇది ఎక్కడా 6,000 కాదు. 2022 నుండి రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. తెలంగాణ రాష్ట్రం 2017లో సొంతంగా కిట్టు పథకం పెట్టి, మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చే పద్ధతి తెచ్చింది. పథకాల పేర్లు, మొత్తాలు మారుతుంటాయి. ప్రస్తుతం వర్తించేది ఏదో మీ అంగన్‌వాడీలో, ఏ.ఎన్.ఎం. వద్ద విచారించి, కాన్పుకు ముందే ఆధార్, బ్యాంకు ఖాతా సరిచేసుకోవలెను. బ్యాంకు ఖాతా బాలింత పేరునే ఉండవలెను.

ఈ నగదు ఎందుకిస్తారు అన్నది కూడా తెలియవలెను. పని చేయలేని రోజులకు అది కూలి. ఉద్యోగస్తురాలికి 1961 ప్రసూతి చట్టానికి 2017లో వచ్చిన సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు వచ్చింది. మన ఇంటి స్త్రీకి ఆ 26 వారాలకు 5,000 రూపాయలు పంచితే రోజుకు 27 రూపాయల చిల్లర వస్తుంది. ఆ 27 రూపాయలకు గేదెలు ఆగవు. పేడ ఎత్తవలెను, మేత కోయవలెను, తెల్లవారుజామున పితకవలెను. పురిటి స్నానం కాగానే కొట్టంలోకి దిగిన బాలింతలను మేము ఎందరినో చూశాము. మీ పశువులకు సెలవు లేదని మాకు తెలుసు. ఆరు వారాల పాటు ఆ పని ఎవరు చేస్తారో కాన్పుకు ముందే ఇంట్లో మాట్లాడుకోవలెను. ముఖ్యంగా ఈడ్చుకుపోయిన పశువును, దాని మాయను బాలింత గాని గర్భిణి గాని ముట్టకూడదు. బ్రూసెల్లా రోగం పశువు నుండి మనిషికి అంటుతుంది. పచ్చిపాలు కూడా తాగరాదు.

పాల సమాఖ్య పత్రికలో ఇంకొక మాట వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మన గేదె పాలు గాని, ఆవు పాలు గాని, డబ్బా పాలు గాని, తేనె గాని, నీళ్ళు గాని వద్దు. డబ్బా పాలకు ప్రకటన ఇవ్వడమే 1992 చట్టం ప్రకారం నేరం. మొదటి రోజు ముర్రుపాలు పిండి పారబోసే అలవాటు ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నది. దూడకు జున్నుపాలు దక్కకపోతే ఏమవుతుందో తెలిసిన మనం బిడ్డ విషయంలో ఆ పని చేయడం ఎట్లాగో మాకు అర్థం కాదు. బాలింతకు కూడా కాల్షియం ఉన్నది: కాన్పు తరువాత ఆరు నెలలు రోజుకు రెండు మాత్రలు, రోజుకు ఒక ఐరన్ మాత్ర 180 రోజులు. రెండూ ఉచితం. ఐరన్‌ను, కాల్షియంను ఒకే పూట కలిపి మింగకూడదు.

ఇందులో పాల సంఘానికి ఏమి పని అని అడుగుతారు. గుజరాతులోని ఖేడా జిల్లాలో ఆ ప్రశ్నకు యాభై సంవత్సరాల క్రితమే జవాబు చెప్పారు. ఆనంద్ పాల సంఘాన్ని నిలబెట్టిన త్రిభువన్‌దాస్ పటేల్ అధ్యక్ష పదవి వదులుకొన్నప్పుడు, సభ్యులు తలకొక రూపాయి చొప్పున ఆరు లక్షల రూపాయలు పోగుచేసి ఆయనకు ఇచ్చారు. ఆయన ఆ సొమ్ము ఇంటికి తీసుకుపోలేదు. దానితో 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ ఏర్పడి, పాల సంఘాల ఊళ్ళలోనే ఆరోగ్య కార్యకర్తలను తయారుచేసి తల్లుల, బిడ్డల సంరక్షణ మొదలుపెట్టింది. ఊరి కార్యకర్తకు ఊరి పాల సంఘమే అండ. అప్పటికి ఆశా వ్యవస్థ లేదు. సహకార సొమ్ముతోనే చేయవలసి వచ్చింది.

మన కాలం వేరు. మన సంఘాలలో ఉత్సాహవంతులైన అధ్యక్షులు కొందరు బాలింతలకు కిట్లు పంచుదామని, పండ్లు పంచుదామని తీర్మానాలు చేస్తుంటారు. మా అభిప్రాయం ఏమంటే, ప్రభుత్వం ఇప్పటికే ఖర్చు వ్రాసినదాన్ని సంఘం మళ్ళీ ఖర్చు చేయరాదు. అది సభ్యుల సొమ్ముకు నష్టం, పై వారికి సాకు. ముందు రావలసినది రాబట్టవలెను. ఆ తరువాత ఖాళీ ఎక్కడ ఉన్నదో అక్కడ సంఘం చేయి వేయవలెను. నికర లాభంలో కామన్ గుడ్ ఫండు ఉన్న సంఘాలు, ఉపనియమాలకు లోబడి, సర్వసభ్య సమావేశం తీర్మానంతో చిన్న చిన్న పనులు చేయవచ్చు. తూనిక పాడైపోయి పడి ఉంటే కొనివ్వవచ్చు. రాత్రిపూట బండి రానప్పుడు కిరాయికి అడ్వాన్సు ఇచ్చి బిల్లులో విడతలుగా రాబట్టుకోవచ్చు.

అంతకు ముందు చూడవలసిన ఖాతా ఒకటి ఉన్నది. ప్రతి గ్రామంలో ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఉన్నది. దానికి జాతీయ ఆరోగ్య మిషన్ నుండి సంవత్సరానికి 10,000 రూపాయల నిధి గ్రామ అవసరాలకు వాడుకొనే విధంగా కేటాయించారు. చాలా ఊళ్ళలో ఈ కమిటీ ఉన్నదనే సంగతి సర్పంచికి, ఆశాకు, ఏ.ఎన్.ఎం.కు తప్ప తెలియదు. మన సంఘ పాలకవర్గం నుండి ఒకరు, వీలైతే మహిళా డైరెక్టరు, ఆ కమిటీ సమావేశానికి పోయి గత సంవత్సరం ఆ సొమ్ము దేనికి వాడారో మర్యాదగా అడగవచ్చు. అడిగినవారితో తగువు పెట్టుకోవడానికి ఎవరికీ కారణం ఉండదు.

ఇక కార్యదర్శులకు ఒక మనవి. ఊళ్ళో ఎవరింట్లో కాన్పు జరిగినదో మీకు అందరికంటే ముందు తెలుస్తుంది. రోజూ క్యాను తెచ్చే అమ్మాయి మానివేసి ఆమె మామగారు తెస్తారు, లేక ఇంటికి పాలు ఎక్కువ ఉంచుకొని సంఘానికి తక్కువ పోస్తారు. ఆ రోజున ఆశా కార్యకర్తకు ఒక్క మాట చెబితే చాలు. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కాబట్టి ఈ విషయంలోనే ఎక్కువ రాకలు తప్పిపోతున్నవి. పుట్టింటి ఊరి ఆశా, ఈమె మా ఊరి మనిషి కాదు అనుకొంటుంది. అత్తింటి ఊరి ఆశాకు ఆమె ఎప్పుడు తిరిగి వచ్చినదో తెలియదు. బాలింత ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి ఆశాయే చూడవలెను. పుట్టింటికి పోయేటప్పుడు మాతా శిశు కార్డు తప్పక వెంట పంపవలెను. మూడవ నెలలోనో అయిదవ నెలలోనో అత్తింటికి వచ్చేటప్పుడు ఆ కార్డును చీరల పెట్టె అడుగున వేయకుండా, వచ్చిన వారంలోనే ఇక్కడి ఏ.ఎన్.ఎం.కు చూపించవలెను. 2018 నుండి 3, 6, 9, 12, 15 నెలలకు మరి అయిదు రాకలు కూడా పథకంలో చేరినవి. అవి ఈ ఊరి ఖాతాలో పడవలసినవి.